కాలువ మీది బండ

"పంపను," అన్నాడు లింగప్ప.

"ఏం మామా?"

"ఏం మామా అంటావేమప్పా! పోయినేడు వానకు మీ ఇంట్లో మోకాటి లోతు నీళ్లు. వేవిళ్లతో ఉండే నా బిడ్డ కాళ్లు పైకి పెట్టుకొని జొన్నల పెట్టె మీద కూచునింది. ఇప్పుడు చంటిబిడ్డ ఉండాది. ఉయ్యాల యాడ కడతావు? నీళ్ల మీదనా?"

భార్యనూ, అయిదో నెల పాపనూ తీసుకుపోదామని గోరంట్ల నుంచి చిలమత్తూరుకు బస్సులో వచ్చిన కదిరప్ప తల గోక్కున్నాడు.

"ఈ సీమలో నీళ్లు ఎక్కువైనాయని ఆడబిడ్డను పంపనోడివి నువ్వొక్కడివే మామా. అదీ సొంత చెల్లెలింటికి!"

"చెల్లెలిల్లయినా అంతే. ఇంటి ముందర కాలువ బాగుచెయ్యి పో. వాన పడిన రోజు నేనే వచ్చి చూస్తా. ఇంట్లో తడి లేకుంటే పంపుతా."

కదిరప్ప దాహమని చెప్పి లోపలికి వచ్చాడు. తలుపు వెనక భార్య రామాంజినమ్మ చెంబుతో సిద్ధంగా ఉంది.

"ఏం బావా, మీ వీధిలో నీళ్లు చాల్లేదా?"

"నవ్వు, నవ్వు. నువ్వు లేక నాకు అన్నం దిగడం లే."

"కాలువ యాడ మూసుకొనిండాదో చూసినావా?"

కదిరప్ప తాగుతున్న చెంబు దించాడు. "చూసినా."

"యాడ?"

"చెప్తాలే."

"మరి తీయలేదేమి?"

"తీస్తాలే," అని చెంబు ఆమె చేతిలో పెట్టి, ముఖం చూడకుండా వెళ్లిపోయాడు.

ఆ చూపు తప్పించుకోవడం ఆమెకు ముల్లులా దిగింది. నిజంగా రమ్మంటున్నాడా? లేక తను లేకపోతేనే ఆయనకు హాయిగా ఉందా? పాప దగ్గితే ఒక భయం, దగ్గకపోతే ఇంకొక భయం. వాటికి తోడు ఇది.

ఊరంతా చెనక్కాయ పైరు కోసం మబ్బు వంక చూస్తోంది. రామాంజినమ్మ కూడా చూస్తోంది. వాన రాకపోతే నాయన బయల్దేరడు. వస్తే బావ ఓడిపోతాడేమో! రమ్మని మొక్కాలో, వద్దని మొక్కాలో తెలియక దేవుడి ముందు ఊరికే నిలబడి వచ్చేసేది.

ఒక పొద్దున గోరంట్ల దిక్కు ఆకాశం నల్లబడింది.

"నాయనా, లే. చూస్తానంటివే."

"పోతాలే. నువ్వెందుకు?"

"నేనూ వస్తా. నా కాపురం గదా."

పాప చెవులకు గుడ్డ కట్టింది. ఊపిరి ఆడుతోందా అని చూసింది. బస్సులో మళ్లీ చూసింది.

బస్సు దిగేసరికి వాన కుండపోతగా ఉంది. వీధి ఏరయింది. ఇళ్ల ముందున్నది కరువు సంవత్సరాల్లో తవ్విన మూరెడు కాలువ. తవ్వినవాళ్లెవరూ వాన వస్తుందని అనుకోలేదు. ఆడవాళ్లు గడప దగ్గర చేటలతో నీళ్లు ఎత్తిపోస్తున్నారు. కదిరప్ప ఒక్కడే గడ్డపార పట్టుకొని, తన ఇంటి ముందు కాలువ మీద ఉన్న రాతిబండ పక్కన నిలబడి ఉన్నాడు.

"చూడన్నా నీ అల్లుణ్ణి!" గడపలోంచి కదిరప్ప తల్లి లక్ష్మక్క అరిచింది. "వాన మొదలైనప్పటి నుంచి ఆ బండకు కాపలా కాస్తాండాడు. తియ్యరా అంటే తియ్యడు!"

రామాంజినమ్మ బండను చూసింది. దాని కింద నిలబెట్టిన రెండు రాళ్లు కాలువకు అడ్డం పడ్డాయి. వాటికి కంపా, చెత్తా తట్టుకొని నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి.

పెళ్లయిన కొత్తలో ఆయనే వేసిన బండ అది. ఇరుకింట్లో అత్తామామల మధ్య మాట్లాడుకోవడానికి చోటు లేక, సాయంత్రాలు ఈ చివర ఆమె చెనక్కాయలు వలుస్తుంటే ఆ చివర తాను కూర్చోవడానికి వేశాడు. ఒలిచినవాటిలో సగం ఆయనే తినేసేవాడు.

"ఇదా నువ్వు చెప్పనిది?"

"నీ బండ గదా. నిన్నడక్కుండా ఎట్ల పెరుకుతా?"

"అడిగినావా మరి?"

"అడిగితే నవ్వుతావని."

ఆమె నవ్వలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. వానలో ఎవరికీ కనపడవులే అనుకుంది. ఆయనకు కనపడ్డాయి.

"నాయనా, పాపను పట్టుకో. లోపలికి పో." కొంగు బిగించి నీళ్లలోకి దిగింది. "ఏం బావా, చూస్తాండావు? ఎత్తు!"

గడ్డపార కింద బండ కదిలింది. ఎదురింటి చౌడప్ప వచ్చి తానూ ఒక చెయ్యి వేశాడు. "నీ బండ తీసినాక నా ఇంటి ముందరిదీ తీస్తా పా," అన్నాడు. రాళ్లు ఊడగానే నీళ్లు పెద్దగా గుర్రుమని కిందికి దూకాయి. గడపల దాకా వచ్చినవి చూస్తుండగానే మెట్టు దిగాయి. వీధిలో ఎవరో కేక వేశారు.

ఇద్దరూ బురదకాళ్లతో గడప దగ్గరికి వచ్చారు. లింగప్ప వంగి నేల తడిమి చూస్తున్నాడు. పొడిగానే ఉంది.

"అన్నా, తడి లేకుంటేనే పంపుతా అంటివి గదా?" అంది లక్ష్మక్క. "ఇంట్లో తడిసింది నీ పంచె ఒకటే."

లింగప్ప కిందికి చూసుకున్నాడు. పాప తాత పంచె మీద పని కానిచ్చి, హాయిగా చేతులాడిస్తోంది.

"ఇంక మనం యాడ కూచుంటాము?" రామాంజినమ్మ గుసగుసగా అడిగింది.

"పెరట్లో వేస్తాలే. ఈసారి అడిగే వేస్తా."

లింగప్ప గొంతు సవరించుకున్నాడు. తలెత్తి దూలాలన్నీ కలయజూశాడు.

"గుసగుసలు చాలుగాని, ఇట్ల రాప్పా," అన్నాడు అల్లుడితో. "ఉయ్యాల యాడ కడతావో చూపించు."