పక్కకు తిరిగిన జల్లెడ

"మా అన్నయ్యని జైల్లో పెడతారటండీ!" అంటూ వచ్చిన అమ్మాయి, కూర్చోమన్నా కూర్చోలేదు.

ఆమె ఎదురుగా ఉన్న పెద్దావిడ పేరు మోసిన ప్రైవేటు డిటెక్టివ్. పక్కనే నిలబడ్డ కుర్రవాడు ఆవిడ మేనల్లుడూ, సహాయకుడూ. అత్తయ్య తుమ్మినా అందులో ఏదో తెలివి ఉందనుకునే రకం.

"ముందు మంచినీళ్ళు తాగు. తర్వాత చెప్పు," అంది డిటెక్టివ్.

ఆ అమ్మాయి అన్న బట్టలకు రంగులద్దే మిల్లులో బాయిలర్ ఆపరేటర్. మొన్న పొద్దున రంగు తొట్లకు ఆవిరి వదులుతుండగా పైపు మీది మూత ఒకటి ఊడిపోయి, మరుగుతున్న నీళ్ళు అతని మీద పడ్డాయి. వాల్వు ఒక్కసారిగా తిప్పేశాడనీ, తప్పంతా అతనిదేననీ మిల్లువాళ్ళు అంటున్నారు.

"రోజూ ఆవిరి వదలగానే పైపు దడదడా కొట్టుకుంటోంది, కాస్త చూడండి సార్ అని ఇంజనీరుగారికి ఎన్నిసార్లు చెప్పాడోనండీ! నీ పని నువ్వు చూసుకో అన్నార్ట. ఇవాళ సాయంత్రం బాయిలర్ల ఇన్‌స్పెక్టర్ వస్తున్నారు. అన్నయ్యేమో మందుల మత్తులో ఉన్నాడు. కళ్ళు తెరిచేసరికి దోషి అయిపోతాడు!"

"ఎక్కడెక్కడ కాలిందమ్మా?"

"మోకాళ్ళ కింద నుంచి పాదాల దాకా. పైన ఒక్క బొబ్బ లేదండీ."

ఆ మాట వినగానే డిటెక్టివ్ లేచి చెప్పులు వేసుకుంది.

బాయిలర్ గదిలోకి వాళ్ళని ఇంజనీరే తీసుకెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా నలగలేదు. ఒక మనిషి కాళ్ళు కాలిపోయిన చోట నిలబడి గడియారం చూసుకుంటున్నాడు! మేనల్లుడికి ఒళ్ళు మండిపోయింది.

గోడ వెంబడి నడుమెత్తున ఆవిరి పైపు. వాల్వు పక్కనే, ఆ పైపు నుంచి పొట్టి కాలులాంటిది ఒకటి గోడవైపు ఏటవాలుగా పొడుచుకొచ్చింది. దాని చివర కొత్త మూత.

"దీన్ని స్ట్రెయినర్ అంటారు," అన్నాడు ఇంజనీరు. "తుప్పూ ఇసుకా పట్టే జల్లెడ ఈ కాల్లో ఉంటుంది. మూత విప్పి, జల్లెడ బయటికి లాగి కడుగుతాం. మొన్న ఊడింది దీని మూతే."

"మొదట్నుంచీ ఇలా పక్కకే ఉందా?"

"పెట్టిన రోజు నుంచీ. ఆవిరి లైనులో ఇలాగే ఉండాలి. నెలనెలా దగ్గరుండి కడిగిస్తాను. ఏం లాభం? ఇలాంటి ఆపరేటర్లని పెట్టుకుంటే ఇంతే సంగతులు."

డిటెక్టివ్ మూతకీ గోడకీ మధ్య చెయ్యి పెట్టి చూసింది. అరచెయ్యి మాత్రం పట్టింది. తర్వాత గొంతుక్కూర్చుని నేల చూసింది. స్ట్రెయినర్ కింద నేలకి వేసిన ఎర్రరంగు గుండ్రంగా లేచిపోయి సిమెంటు బయటపడింది. మూత ఎదురుగా గోడ సున్నం మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద దుమ్ము పట్టిన పాత సాలెగూడు కూడా ఉంది.

"భలే అల్లింది కదురా," అంది.

"అద్భుతం అత్తయ్యా," అన్నాడు మేనల్లుడు, ఏమీ అర్థం కాకపోయినా.

మిల్లు యజమాని చెమటలు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"ఈ గదిలోకి ఎవరెవరు వస్తారండీ?" అని అడిగింది డిటెక్టివ్.

"ఆపరేటరూ, ఇంజనీరుగారూ, అంతే. నాకు ఈ గొట్టాల సంగతి ఒక్క ముక్క తెలీదు."

"ప్రమాదం జరిగాక?"

"అతన్ని నేనే కార్లో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. మూత మార్చాలని ఇంజనీరుగారు అంటే, ఈ గది తాళంచెవి ఆయనకే ఇచ్చి వెళ్ళాను."

సాయంత్రం ఇన్‌స్పెక్టర్ రాగానే డిటెక్టివ్ అందర్నీ ఆ గదిలోకే పిలిచింది. బాయిలర్ చల్లారి ఉంది. ఆపరేటర్ చెల్లెలు తలుపు దగ్గరే నిలబడింది.

"ఇంజనీరుగారూ, నెలనెలా కడిగిస్తానన్నారుగా. ఇప్పుడొకసారి ఆ జల్లెడ తీసి చూపించండి."

అతను మూత విప్పాడు. జల్లెడ పట్టుకుని లాగాడు. అది సగం కూడా రాకుండానే గోడకి తగిలి ఆగిపోయింది. అటూ ఇటూ తిప్పాడు. రాలేదు.

"మరి ఇన్నాళ్ళూ ఎలా తీశారు బాబూ? గోడకి కన్నం వేసా?"

డిటెక్టివ్ గొంతు పెంచింది.

"నీళ్ళ లైనులో ఈ కాలు కిందికే ఉండాలి. ఇసుక అందులోకి జారుతుంది. ఆవిరి లైనులో అలా పెడితే, బాయిలర్ ఆపాక మిగిలిన ఆవిరి చల్లారి నీరై ఆ గుంటలో చేరుతుంది. మళ్ళీ ఆవిరి వదలగానే ఆ నీళ్ళు లేచి సమ్మెటలా కొడతాయి. పాపం ఆపరేటర్ రోజూ విన్న దడదడ అదే! మొన్న ఆ దెబ్బకే మూత ఊడింది. అప్పుడీ కాలు పక్కకే ఉండుంటే గోడ సున్నం పెచ్చులూడేది, సాలెగూడు మిగిలేదా? లేచింది నేల మీది రంగు. కాలింది మోకాళ్ళ కింద. అంటే అప్పుడిది కిందికే ఉంది. తర్వాత ఎవరో బోల్టులు విప్పి పక్కకు తిప్పారు. గదివైపు తిప్పితే దారికి అడ్డమని గోడవైపు తిప్పారు. జల్లెడ తీయడానికి చోటుండాలన్న సంగతి హడావిడిలో మర్చిపోయారు. యజమాని ఆస్పత్రిలో ఉన్నప్పుడు తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

ఇంజనీరు నుదురు తుడుచుకున్నాడు. "నేను ముందు నీళ్ళ సరఫరాలో పనిచేశానండీ. అక్కడ అన్నీ కిందికే పెట్టేవాళ్ళం. ఆ అలవాటు కొద్దీ... పొరపాటైపోయింది."

"మొన్న పొద్దుటిదాకా పొరపాటే!" అంది డిటెక్టివ్. "మనిషి కేకలు పెడుతూ కార్లో పోతుంటే, మీరు స్పానర్ పట్టుకుని దీన్ని సరైన వైపు తిప్పారు చూడండి, దాన్ని పొరపాటంటారా? పైగా ఆ మనిషి మీదే నింద వేస్తారా? సిగ్గు లేదూ!"

ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వైపు తిరిగాడు. "మీ అన్నయ్య తప్పేం లేదమ్మా. ఆ మాట నేనే రాసిస్తాను. ఇంజనీరుగారూ, మీరు ఎక్కడికీ కదలకండి."

అమ్మాయి తలుపు వదిలి ఇంజనీరు ఎదురుగా వచ్చి నిలబడింది.

"దీన్ని తిప్పడానికి ఎంతసేపు పట్టింది సార్?"

అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు.

"చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అరగంట."

"అరగంటేనా?" అంది అమ్మాయి. "మా అన్నయ్య అన్నిసార్లు చెప్పాడే, చూడండి సార్, చూడండి సార్ అని! ఆ అరగంట అప్పుడు దొరకలేదా మీకు?"