తానులో మిగిలిన నీలం

"మూడుంపావు మీటర్లకి నేను కత్తిరించను," అంది కత్తెర.

"కొనేది నేనా, మీరా?" అన్నాడు లెక్కల మాస్టారు.

"కొనేది మీరే. ఇంటికెళ్లి తల పట్టుకునేదీ మీరే."

ఆమెను ఆ బట్టల షాపులో అందరూ కత్తెర అనే పిలుస్తారు. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది. ఐదేళ్లు ఓ మూల కూర్చుని బట్టలు మడతపెట్టింది. ఇంటికెళ్లి పాత న్యూస్‌పేపర్ల మీద గీసి, కోసి, కటింగ్ తనకు తానే నేర్చుకుంది. కటింగ్ టేబుల్ మగాళ్ల సొత్తని ఎవడు రాసిచ్చాడో తెలియదు గానీ ఆ షాపులో అలాగే నడిచింది. ఏడాది పోట్లాడితే ఓనరు నెల రోజులు ట్రయల్ ఇచ్చాడు. ఒక్క కంప్లెయింట్ వచ్చిందా, మళ్లీ మడతల్లోకే అన్నాడు. ఆ రోజుకి ఇరవై ఎనిమిది రోజులైంది.

మాస్టారికి ఇదంతా తెలియదు. తెలుసుకోవాలని తోచలేదు కూడా. ఆరేళ్లుగా హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాడు. ఈ ఆరేళ్లలో అతని లెక్క తప్పన్నవాడు లేడు. చేతిలో ఎర్ర పెన్ను ఉన్నవాణ్ణి ఎవడంటాడు?

జేబులోంచి కాగితం తీసి ఆమె ముందు పరిచాడు. "గుండ్రటి డైనింగ్ టేబుల్ అండీ. అడ్డం నూట ఎనభై సెంటీమీటర్లు. గుడ్డ చుట్టూ ముప్ఫై వేలాడాలి. మొత్తం రెండొందల నలభై. దాని వైశాల్యం కట్టి, మీ బట్ట వెడల్పుతో భాగించాను. మూడుంపావు వచ్చింది. ఇందులో తప్పేముంది?"

"లెక్కలో తప్పు లేదు మాస్టారూ. బల్ల మీద పరిచేది బట్ట కదా, వైశాల్యం కాదు. మీ మూడుంపావులో గుండ్రం రావాలంటే మూలల ముక్కలన్నీ ఏరి అతకాలి. అప్పుడది బొంత అవుతుంది."

కోపంగా చూద్దామని అతను తలెత్తాడు. ఎత్తినవాడు చూపు తిప్పుకోవడం మర్చిపోయాడు. ఆమె మాటలో వెటకారం ఉంది గానీ కళ్లలో లేదు. కళ్లు అప్పుడే ఏదో కొలుస్తున్నాయి.

"ఎవరి కోసం ఇది?" అంది.

"మా నానమ్మ కోసం. చూపు బాగా తగ్గింది. తెల్ల ప్లేటు అంచు తెలియక ఒలికిపోతోందని అందరితో కలిసి తినడం మానేసింది. ముదురు నీలం గుడ్డ వేస్తే ప్లేటు కనబడుతుందని డాక్టరు చెప్పింది."

ఆమె చెయ్యి నీలం తాను మీద ఆగింది. "ఈ రంగు మళ్లీ రాదండీ. మిల్లు ఆపేసింది. నాలుగు మీటర్ల యాభై అయిదే మిగిలింది. మామూలుగా అయితే మీకు ఐదు కావాలి. ఒక్క పది నిమిషాలు ఆలోచించనివ్వండి."

"ఓహో. ఉన్నదంతా నాకు అంటగట్టే ప్లానా?"

నోరు జారాడు. జారినవాడు అక్కడైనా ఆగాడా? ఓనరుని పిలిచాడు. "అడిగింది ఇవ్వనంటున్నారండీ. కంప్లెయింట్ అనుకోండి."

ఓనరు నింపాదిగా వచ్చాడు. "కత్తెర కింద పెట్టమ్మా. రేపట్నుంచి మడతల దగ్గరికి వెళ్లు. ఇరవై ఎనిమిది రోజులు నెగ్గావు, గొప్పే." ఆ కత్తెర తనే అందుకుని నీలం తాను విప్పబోయాడు.

ఆమె బట్ట మీద అరచెయ్యి ఆనించింది.

"వెళ్తాను సార్. మీరు కోస్తే ఇది మాత్రం అతుక్కోదు. పది నిమిషాలు ఆగండి. నా కోసం కాదు, ఆ పెద్దావిడ కోసం అడుగుతున్నాను."

ఇరవై ఎనిమిది రోజులు అన్న మాట మాస్టారి చెవిలో ఆలస్యంగా దిగింది. పక్కనే ఉన్న సేల్స్ అమ్మాయి మిగతాది చెప్పింది. అతని మొహం మాడిపోయింది. బయటికి పారిపోదామంటే వాన. గొడుగులున్నవాళ్లే గుమ్మం దగ్గర ఆగిపోయేంత వాన.

ఆమె న్యూస్‌పేపరు తీసింది. పది సెంటీమీటర్లకి ఒక సెంటీమీటరు చొప్పున కొలిచి, నాలుగు మడతలు వేసి, చక్కటి గుండ్రం కోసింది. బట్ట పన్నా, అంటే వెడల్పు, నూట నలభై. అదే చొప్పున అంత వెడల్పు పట్టీని కూడా కోసి గుండ్రం నడుమ పరిచింది.

"అందరూ రెండు పన్నాలు తెచ్చి నడిమధ్యలో కలిపి కుడతారు. గిన్నె పెడితే కుట్టు మీద ఒరుగుతుంది. నేను నిండు పన్నా మధ్యలో వేస్తాను. రెండో ముక్కని నిలువునా చీల్చి అటొకటి, ఇటొకటి. నానమ్మగారిని కుట్టు లేని వైపు కూర్చోబెట్టండి."

"అయినా నిండు పొడుగు ముక్కలు రెండు కావాలి కదండీ. ఐదు మీటర్లే," అన్నాడు మాస్టారు. గొంతు తగ్గింది.

"పక్క ముక్కలకి అంత పొడుగెందుకు? అక్కడికొచ్చేసరికి గుండ్రం సన్నబడుతుంది. చూడండి." పట్టీ అంచు దగ్గర స్కేలు పెట్టింది. "కుట్లతో కలిపి రెండు మీటర్ల ఏడు. మధ్య ముక్క మడతలతో రెండు నలభై ఆరు. మొత్తం నాలుగు యాభై మూడు. ఇంకా రెండు సెంటీమీటర్లు మిగులుతాయి."

మాస్టారు కాగితం వెనక్కి తిప్పాడు. కుట్లూ మడతలూ కలుపుకుని వర్గాలు కట్టాడు, ఒకదాంట్లోంచి ఒకటి తీసేశాడు, వర్గమూలం తీశాడు. రెండు మీటర్ల ఆరు పాయింట్ మూడు సెంటీమీటర్లు. మళ్లీ చేశాడు. అదే వచ్చింది.

ఏళ్ల తరబడి చదివి, ఒక పేజీ నింపి అతను చేరిన చోటికి ఆమె పేపరు మడిచి చేరింది. పైగా కత్తెర జారితే పనికొస్తుందని కాస్త చోటు కూడా ఉంచింది. ఆ కాస్త అతని పుస్తకాల్లో ఎక్కడా లేదు. అతను ఆమె వేళ్ల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"తప్పు నాదేనండీ. కంప్లెయింట్ వెనక్కి తీసుకుంటున్నాను," అన్నాడు ఓనరుతో.

"ఇచ్చాక ఇచ్చినట్టే. రూలు రూలే."

మాస్టారు స్టూలు లాక్కుని కటింగ్ టేబుల్‌కి అడ్డంగా కూర్చున్నాడు. "అయితే నేనూ ఇక్కడే. ఈవిడ కోస్తేనే లేస్తాను."

"మాస్టారూ, పరువు పోతుంది," అంది ఆమె చిన్నగా.

"పోయింది కదండీ ఇందాకే. ఇప్పుడు భయం లేదు."

వానకి చిక్కుకున్నవాళ్లంతా చుట్టూ మూగారు. కర్టెన్ల కోసం వచ్చిన ఒకావిడ కాగితం గుండ్రాన్ని తిప్పి తిప్పి చూసి, "నావి కూడా ఈ అమ్మాయే కోయాలి. లేకపోతే వద్దు," అంది. ఆమె వెనక ఇంకో ఇద్దరు అదే మాట అన్నారు. న్యాయం చెబితే వినని ఓనరు, నలుగురు కస్టమర్లు చెబితే విన్నాడు. కత్తెర ఆమె చేతికి తిరిగిచ్చి, "ట్రయలూ లేదు, ఏమీ లేదు. పని కానివ్వు," అని గొణిగాడు.

ఆమె కోసింది. గీత దాటకుండా, ఒక్క బిగిన. ఆఖరి ముక్క విడిపోయేదాకా మాస్టారు స్టూలు మీంచి లేవలేదు.

ఆదివారం మధ్యాహ్నం నానమ్మ అందరి మధ్యా కూర్చుంది. నీలం మీద తెల్ల ప్లేటు. తన చేత్తో తనే తింది, మెతుకు కింద పడలేదు. కడుపు నిండాక మనవడి వైపు తిరిగింది.

"నాలుగు రోజులుగా ఆ పిల్ల మాటే చెబుతున్నావు. ఆ పిల్లకి చెప్పావా?"

"ఏం చెప్పాలి నానమ్మా?"

"కళ్లు కనబడనిది నాకా, నీకా?"

సోమవారం బడి విడిచీ విడవగానే షాపుకెళ్లాడు. ఆమె కర్టెన్ బట్ట పరుస్తోంది.

"ఏం కావాలి మాస్టారూ?"

"ఏమీ కొనను. మీరంటే నాకు ఇష్టం. మా నానమ్మకి కూడా."

ఆమె సుద్ద గీత మధ్యలో ఆపింది. చెవుల దాకా ఎర్రబడింది గానీ మాట తడబడలేదు. "ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పండి. పెళ్లై మీ ఇంటికొచ్చాక పని మానేయమంటారా?"

"మానమని నేను అడగనండీ. ఎవరు అడిగినా మీ పక్కనే కూర్చుంటాను. స్టూలు నాకు అలవాటైంది."

ఆమె నవ్వింది. ఆ నవ్వు దాచుకోలేక తల వంచుకుని బట్ట అంచు ఒకటి అతని వైపు తోసింది.

"అయితే ఆ చివర పట్టుకోండి. లాగకండి, వదలకండి."

షాపు మూసేదాకా పట్టుకునే ఉన్నాడు.