పిచ్చుక ఎడమ కన్ను

పొయ్యి మీద పాలు పొంగుతున్నా ఆమె పట్టించుకోలేదు. కూతురి బట్టలు సంచిలో కుక్కుతోంది. అందరూ పిచ్చుక అని పిలిచే ఆ తొమ్మిదేళ్ళ పిల్ల మంచం మీద కూర్చుని, మిగిలిన ఒక్క కంటితో చూస్తోంది. తన పుట్టినరోజున మేడ మీద వెలిగించిన చిచ్చుబుడ్డి పేలి ఎడమ కన్ను దెబ్బతింది. ఇక చూపు రాదని నిన్న డాక్టరు తేల్చి చెప్పేశాడు.

"మా అన్నయ్య ఇంటికి పోతున్నాం, మళ్ళీ రాం," అంది భర్తతో. "ఆ దిక్కుమాలిన బాణసంచా తెచ్చింది నువ్వే, వెలిగించింది నువ్వే! నీ మొహం చూస్తేనే ఒళ్ళు మండిపోతోంది."

పెళ్ళయిన నాటి నుంచీ అతన్ని 'మీరు' అని తప్ప పిలవని మనిషి ఆమె. కార్ఖానాలో ఇనుము చెక్కే లేత్ మెషిన్ మీద పనిచేసే భర్త గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డాడు. మాటకి పది మాటలు అప్పజెప్పే రకం కాస్తా ప్రమాదం జరిగిన రోజు నుంచీ నోట్లో నాలుక లేనివాడైపోయాడు.

అత్తగారు పొయ్యి కట్టేసి వచ్చింది. "పనిలో పెట్టుకునే కళ్ళద్దాలు కూడా తెచ్చాడు కదే అమ్మాయ్, నిప్పురవ్వలు పడకుండా. అవి పెట్టుకుని ఉంటే..."

"పెట్టుకున్నాను నానమ్మా," అంది పిచ్చుక. "మధ్యలో తీసేశాను. నాన్నని తిట్టకమ్మా."

"ఎందుకు తీశావే, నీకేం పోయేకాలం!" అంది నానమ్మ.

"పోనీలే అమ్మా, దాన్నేం అడక్కు," అన్నాడతను కంగారుగా.

ఆ కంగారు ఎవరి కోసమో భార్యకి అర్థమైంది. చేతిలో గౌను జారిపోయింది. ఇన్నాళ్ళూ తను అంత గట్టిగా అరిచింది ఒక్క మాట గుర్తు రాకూడదనే. ఆ రోజు సెల్‌ఫోన్ పట్టుకుని, 'మొహం కనపడట్లేదే, ఆ కప్ప కళ్ళద్దాలు తీసెయ్, కొంచెం దగ్గరికి జరుగు, ఒక్క ఫొటో' అన్నది తనే. పిల్ల బుద్ధిగా తీసింది.

"మీకు తెలుసు," అంది భర్తతో. "తెలిసీ నా చేత తిట్లు తిన్నారా?"

"చెబితే కన్ను తిరిగొస్తుందా? దానికెలాగూ పోయింది. నువ్వు కూడా మనిషివి కాకుండా పోతే మేమేమైపోవాలి?"

ఆమె మంచం దగ్గర కూలబడింది. "అద్దాలు తీయమన్నది నేనే అత్తయ్యా! నా చేతులతో నేనే..." కూతురి ఒళ్ళో మొహం దాచుకుంది.

పిచ్చుక తల్లి జుట్టు నిమిరింది. "ఏడవకమ్మా. ఆ ఫొటోలో నేను బాగా వచ్చానా?"

తల్లి భోరుమంది. తండ్రి వచ్చి ఇద్దరి పక్కన కూర్చున్నాడు.

"బాగా వచ్చావు తల్లీ," అన్నాడు, భార్య భుజం మీద చెయ్యి వేసి.