వంటింటి గోడ

పొద్దున్నే వంటింట్లో అడుగుపెట్టగానే కాలికి తడి తగిలింది. ఆవిడ కిందికి చూడను కూడా చూడలేదు. వెనక్కి తిరిగి వెళ్ళి చీపురు, బకెట్టు, పాత దుప్పటి ముక్క తెచ్చుకుంది. సముద్రానికి పోటు వచ్చిన రోజుల్లో ఆ ఇంటికి ఇది మామూలే. వీధి చివరి కాలువలోంచి ఎదురు తన్నిన ఉప్పునీళ్ళు పిలవని చుట్టంలా గడప దాటి, తిన్నగా వంటింట్లోకే వచ్చి కూర్చుంటాయి.

తప్పంతా సముద్రానిది కూడా కాదు. ఇల్లు కట్టిన రోజుల్లో అరుగు వీధికంటే ఎత్తుగా ఉండేది. రోడ్డు పాడైనప్పుడల్లా పాతదాని మీదే కొత్త తారు పోసుకుంటూ పోయారు. రోడ్డు పెరిగింది, ఇల్లు పెరగలేదు. ఇప్పుడు వీధిలోంచి ఇంట్లోకి దిగాల్సి వస్తోంది. ఆవిడ భర్త మేస్త్రీ గారు ఒకటికి రెండుసార్లు లోపల మట్టి పోయించి నేల ఎత్తు చేశారు. నేల లేచింది గానీ ద్వారబంధం లేవదు కదా. అంత పొడుగు మనిషి, కాఫీ కావాలంటే సొంత వంటింట్లోకి తలవంచుకుని రావలసిందే. ఆ ఒక్క విషయంలో మాత్రం ఆవిడకి లోలోపల కాస్త సంతోషంగానే ఉండేది.

ఆయన ఊరందరికీ పెద్ద మేస్త్రీ. ఆ తీరం వెంట ఆయన తాపీ తగలని వీధి లేదు. ఒక్కగానొక్క కూతురు చిన్న మేస్త్రీ. తండ్రిది ఇళ్ళు కట్టే పని, కూతురిది ఇళ్ళు ఎత్తే పని. పాత ఇంటిని కూలగొట్టకుండా గోడల అడుగున కోసి, ఇనుప దూలాలు దూర్చి, వాటి కింద వరసగా జాకీలు పెట్టి, ఇల్లు ఇల్లంతా పైకి లేపి కింద కొత్త పునాది కట్టేస్తుంది. ఒక కంపెనీలో ఏళ్ళ తరబడి ఆ పని నేర్చుకుని, ఈమధ్యే సొంతంగా మొదలుపెట్టింది. ఇక ఆవిడ పెద్ద మేస్త్రీ భార్య, చిన్న మేస్త్రీ తల్లి. వీధిలో ఆవిడ సంగతి అడిగితే అంతకుమించి ఎవరూ చెప్పరు.

మొదలుపెట్టడమైతే మొదలుపెట్టింది గానీ చిన్న మేస్త్రీకి ఇంతవరకూ ఒక్క ఇల్లూ దొరకలేదు. కొత్త జాకీలు ముందుగదిలో గోడవారన బారులు తీరి కూర్చున్నాయి. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఆదివారం ఆదివారం వాటికి నూనె పెట్టి తుడవడమే పనయింది. ఇల్లెత్తించుకోవాలనుకునే వాళ్ళకి కొదవ లేదు. ఎదురింటి టైలరమ్మ అయితే పోటు రోజుల్లో కుట్టుమిషను మంచం మీదికెక్కించి కుడుతోంది. కానీ వీధంతా ఒకటే మాట: ముందు మీ నాన్న ఇల్లు ఎత్తి చూపించు, తర్వాత మాది. ఆ నాన్నగారేమో ససేమిరా అంటున్నారు.

ఆరోజు పొద్దున కూతురు కూడా వచ్చి తల్లి చేతిలోంచి బకెట్టు అందుకుంది. ఇద్దరూ నీళ్ళు తోడి పోస్తుండగా మేస్త్రీ గారు తలవంచి లోపలికొచ్చి, మడమలు తడిసేసరికి విసుక్కుని, ఇంకో పొర మట్టి పోయిస్తే సరిపోతుందన్నారు.

కూతురు బకెట్టు కింద పెట్టేసింది.

"ఇంకో పొర పోస్తే నువ్వు ఈ గదిలోకి పాకుతూ రావాలి నాన్నా. ఇవాళ నాకొక్క మాట చెప్పు. నా పని మీద నీకు నమ్మకం లేదా?"

"ఇది నేను కట్టిన ఇల్లు. దీని సంగతి నాకు తెలుసు."

"నేనడిగింది ఇంటి సంగతి కాదు, నా సంగతి."

ఆయన కిటికీ చువ్వకి పట్టిన ఉప్పు గోరుతో గీకడం మొదలుపెట్టారు. అది చూసి తల్లికే ఒళ్ళు మండింది, ఇక పిల్లకి ఎలా ఉంటుంది?

"సరే," అంది కూతురు మెల్లిగా. "కన్నతండ్రే నమ్మని పని ఊరు నమ్మాలనుకోవడం నాదే బుద్ధి తక్కువ. మా పాత యజమానికి ఫోన్ చేశాను. జాకీలతో సహా వచ్చేయమన్నాడు. మధ్యాహ్నం వ్యాను వస్తుంది. ఆయన ఎక్కడికి పంపితే అక్కడ ఇళ్ళెత్తుకుంటాను. అక్కడైతే మా నాన్నెవరో ఎవరికీ తెలియదు."

అనేసి ముందుగదిలోకి వెళ్ళిపోయింది. కాసేపటికి జాకీలు ఒక్కొక్కటిగా వాకిట్లోకి చేరవేస్తున్న చప్పుడు వినపడసాగింది. తల్లికి ఆ చప్పుడు గుండెల్లో తగిలింది. పిల్ల పరాయి ఊరు వెళ్తోందన్న బెంగ కాదు అది. ఆడపిల్లకి ఇనుపసామాను పనేమిటని ఊరంతా నవ్వినప్పుడు తల ఎగరేసుకు తిరిగిన పిల్ల, ఇవాళ తలదించుకుని వెళ్తోంది. అదీ సొంత ఇంటి గుమ్మంలోంచి.

ఏదో ఒకటి తేల్చుకుందామని ఆవిడ వంటింట్లోకి తిరిగి వచ్చేసరికి మేస్త్రీ గారు మూలన గోడకి చెవి ఆనించి, తాపీ పిడితో టకటకా కొడుతున్నారు. కిందా పైనా కొట్టి వింటున్నారు. ఆవిడని చూసి, దొంగతనంగా బెల్లం తింటూ దొరికిపోయినవాడిలా చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఏం వింటున్నారు?"

"ఏం లేదు."

"పిల్ల సామాను సర్దుకుంటోంది. ఇప్పుడు కూడా ఏం లేదంటే ఊరుకోను. చెప్పండి."

ఆయన తాపీని కిటికీలో పెట్టి చెప్పడం మొదలుపెట్టారు. పిల్ల పని మీద తనకి అణువంత అనుమానం లేదట. కంపెనీలో ఉన్నప్పుడు అది ఎత్తిన ఇళ్ళని ఎవరికీ చెప్పకుండా బస్సెక్కి వెళ్ళి చూసొచ్చారట. అంత ఒద్దికైన పని తన జన్మలో చూడలేదట.

"మరి?"

"భయమంతా ఈ గోడతోటే." ఆయన గొంతు తగ్గింది. "ఇది నువ్వు కట్టిన గోడ."

ఆ మాట ఆవిడ ఆయన నోట ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా వినలేదు.

అది వాళ్ళ కాపురం కొత్తలో సంగతి. వంటింటికి సముద్రం వైపు గోడ వద్దు, తెరిచి వదిలేద్దామనుకున్నారు. గాలి బాగా వస్తుందని ఆయనే అన్నారు. గాలి బాగానే వచ్చింది, పొయ్యి ఆర్పడానికి. గోడ కట్టమని అడిగితే రేపు చూద్దాం, వచ్చే వారం చూద్దాం అనేవారు. ఊరందరికీ గోడలు కట్టే మేస్త్రీ ఇంట్లో గోడ లేదు. అంతలో ఆయనకి తీరం ఆ చివర పెద్ద బంగళా పని తగిలి, కొన్నాళ్ళు అక్కడే ఉండిపోవాల్సి వచ్చింది. పెళ్ళికి ముందు ఆవిడ ఆయన దగ్గర ఇటుకలందించే పని చేసిన మనిషే. చూసి చూసి చేతులకి పని తెలుసు. చంటిపిల్లని ఇసుక తట్టలో కూర్చోబెట్టి, తానే సున్నం, ఇసుక కలుపుకుని గోడ లేపింది. పైన నున్నగా పూత కూడా పూసింది. ఆయన వచ్చి చూశారు. సంచిలోంచి గోడ నిటారు చూసే తూకం గుండు తీసి పైనుంచి కిందికి వేలాడదీశారు. "పర్లేదు," అన్నారు. కాళ్ళు కడుక్కుని అన్నానికి కూర్చున్నారు.

ఆ తర్వాత ఇల్లు ఎవరు కట్టారని ఎవరడిగినా నేనే అని చెప్పేవారు. ఆవిడ పక్కనే ఉండి వినేది. కాదని ఎప్పుడూ అనలేదు. ఆ 'పర్లేదు' మాత్రం అప్పట్నుంచీ గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"అటూ ఇటూ నేను కట్టిన గోడలు తిన్నగా ముగించేశాను," అంటున్నారు మేస్త్రీ గారు. "ఇంకో గోడ వస్తుందనుకోలేదు కాబట్టి దాని ఇటుకలు దూరి పట్టుకోవడానికి ఖాళీలు వదల్లేదు. నీ గోడ వాటి మధ్య ఊరికే ఆనుకుని నిలబడింది. నేల మీద ఉన్నంతకాలం ఏమీ కాదు. కింద కోసి పైకి లేపితే ఈ మూల విడిపోతుంది. వీధంతా చూస్తుంటారు. ఆ గోడ ఎవరు కట్టారని అడుగుతారు. నేనే కట్టానంటే పిల్ల పని తప్పంటారు, నువ్వు కట్టావంటే నిన్ను చూసి నవ్వుతారు. నిన్ను చూసి ఒకడు నవ్వితే నేను ఓర్చుకోలేను. అందుకే ఇల్లంతా నాదేనని చెప్పుకుంటూ వచ్చాను."

ఆవిడకి ముందు కళ్ళు చెమ్మగిల్లాయి. ఆ వెనకే చెప్పలేనంత కోపం వచ్చింది. ఇన్నేళ్ళూ ఈ మనిషి తనని కాపాడుతున్నాననుకుంటూ, తన గోడ పడిపోయే గోడ అని నమ్ముతూ బతికాడన్నమాట.

"నా గోడ ఊరికే ఆనుకుని ఉందని మీకెవరు చెప్పారు?"

"చెప్పేదేముంది, నేను పట్టుకి ఖాళీలు వదల్లేదుగా."

"మీరు వదల్లేదు. నేను తీసుకున్నాను. మీ గోడ పగలగొట్టాను."

ఆవిడ ఆయన సంచిలోంచి ఉలి, సుత్తి తీసింది. మూల దగ్గర నిలబడి, కూరగాయల చెక్క మీద కత్తి ఆడించినంత తేలిగ్గా పూత రాల్చడం మొదలుపెట్టింది. చప్పుడుకి కూతురు పరుగెత్తుకొచ్చి గుమ్మంలో ఆగిపోయింది.

పూత ఊడేకొద్దీ ఇటుకలు బయటపడ్డాయి. ఆయన వాడినవి ముదురు ఎరుపు. ఆవిడ తర్వాత తెప్పించుకున్నవి వేరే బట్టీవి, లేత ఎరుపు. మూలలో పైనుంచి కిందిదాకా ఒక వరస ముదురు, ఒక వరస లేత, మళ్ళీ ముదురు, మళ్ళీ లేత. ఆయన గోడలో వరస విడిచి వరస ఇటుక పీకి, ఆ సందుల్లో తన ఇటుక దూర్చి బిగించింది. రెండు చేతుల వేళ్ళు ఒకదాంట్లో ఒకటి దూర్చినట్టుంది ఆ మూల.

"రెండో కొసన కూడా ఇంతే," అంది ఆవిడ. "కావాలంటే అదీ కొట్టి చూపిస్తాను."

కూతురు దగ్గరికొచ్చి చూసి, వేలితో సందులు తడిమి, తల్లి వైపు కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మేస్త్రీ గారు కిందికి వంగి, ఒక్కో ఇటుకా ముట్టుకుంటూ పైకి లేచారు.

"కట్టిన గోడ పగలగొట్టావు. నాకు చెప్పకుండా."

"చెబితే కొట్టనిచ్చేవారా? అందుకే మీరొచ్చే లోపల పూత పూసేశాను."

ఆయన నవ్వుదామనుకున్నారు. నవ్వు సగంలో ఉండగానే కళ్ళు నిండిపోయాయి. భుజం మీది గుడ్డతో మొహం తుడుచుకుని, తాను ఇన్నాళ్ళూ ఎందుకు అడ్డుపడిందీ కూతురికి ఉన్నదున్నట్టు చెప్పేశారు. ఆ అమ్మాయి తండ్రి చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

మధ్యాహ్నం వ్యాను వస్తే దాన్ని వెనక్కి పంపింది మేస్త్రీ గారే. జాకీలు ఎక్కడికీ పోవు, ఈ వీధిలోనే బోలెడు పనుంది అని డ్రైవరుకి చెప్పి, కాఫీ ఇచ్చి మరీ పంపారు.

ఎత్తే రోజుకి వీధి వీధంతా వచ్చి నిలబడింది. గోడల అడుగున ఇనుప దూలాలు, వాటి కింద జాకీలు, జాకీకొక మనిషి. చిన్న మేస్త్రీ నీళ్ళు నింపిన సన్నని గొట్టంతో నాలుగు మూలలా మట్టం చూసుకుని, తండ్రి దగ్గరికి వచ్చింది. జాకీలన్నీ ఒక్కసారే తిరగాలి, ఒకడు ముందు ఒకడు వెనకైతే గోడ నిలవదు. అందుకు ఒక పెద్ద గొంతు కావాలి.

"స్లాబులు పోసేటప్పుడు వీధి చివరిదాకా వినపడేది నీ కేక. ఇవాళ నా కోసం వెయ్యి నాన్నా."

ఆయన గొంతు సవరించుకున్నారు. ఆ కేకకి జాకీలన్నీ ఒక్క తిప్పు తిరిగాయి. మళ్ళీ కేక, మళ్ళీ తిప్పు. ముందు ఏమీ కదిలినట్టనిపించలేదు. తర్వాత పునాదికీ గోడకీ మధ్య సన్నటి వెలుగు గీత కనిపించింది. టైలరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

పని సగంలో ఉండగా టప్‌మని చిన్న చప్పుడయింది. చిన్న మేస్త్రీ చెయ్యెత్తి అందరినీ ఆపేసింది. తల్లి కళ్ళు తిన్నగా వంటింటి గోడ మీదికే పోయాయి. కూతురు ఇంటి చుట్టూ తిరిగి వచ్చింది. వీధివైపు కిటికీ పైన వెంట్రుక వాసి పగులు ఒకటి పూతలో కనబడింది. పెద్ద మేస్త్రీ వెళ్ళి చూసి, గోరుతో గీకి, ఇటుకకి ఏమీ కాలేదని తేల్చుకున్నారు. కూతురు కూడా అవునన్నట్టు తల ఊపింది. అప్పుడాయన జనం వైపు తిరిగారు.

"ఈ ముందు గోడ నాది. చిట్లింది నా పూతే," అన్నారు, జాకీల వాళ్ళకి కేకలేసిన గొంతుతోనే. "అందరూ వెనక్కొచ్చి వంటింటి గోడ చూడండి. దాని మీద గీత పడితే అడగండి. అది మా ఆవిడ కట్టింది."

టైలరమ్మ నమ్మలేనట్టు చూసింది. "ఇల్లంతా మీరే కట్టారని చెప్పేవారుగా?"

"అబద్ధం చెప్పాను. ఇల్లు మేమిద్దరం కట్టాం. ఎత్తుతోంది మా అమ్మాయి. ఇక నోరు మూసుకుని చూడండి, పని ఉంది."

జనం నిజంగానే వెనక్కి వెళ్ళి చూశారు. గోడ నిక్షేపంలా ఉంది. ఆవిడకి ఎక్కడ చూడాలో తెలియలేదు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తల మాత్రం దానంతటదే పైకి లేచింది.

మర్నాటికల్లా టైలరమ్మ తన ఇంటి తాళాలు తెచ్చి చిన్న మేస్త్రీ చేతిలో పెట్టింది. ఆ వెనకే ఇంకో ఇద్దరొచ్చారు.

కింద కొత్త పునాది గట్టిపడి జాకీలు తీసేశాక చూస్తే ఇల్లు వీధిలోకల్లా ఎత్తుగా నిలబడి ఉంది. లోపల పోసిన పాత మట్టి తీసేశారు కాబట్టి వంటింట్లోకి ఇక తలవంచక్కర్లేదు. చిక్కల్లా ఒకటే. గడప మనిషి నడుముదాకా వెళ్ళిపోయింది, ఎక్కడానికి మెట్లు లేవు. మెట్లు ఎవరు కడతారని కూతురు అడిగింది. తండ్రి ఉన్నాడు కాబట్టి ఆయనే అనుకుని అడిగింది.

ఆయన తాపీ తీసి భార్యకి అందించారు.

"మేస్త్రీ గారూ, మొదలుపెట్టండి."

అన్నేళ్ళ తర్వాత కూడా తాపీ ఆవిడ చేతిలో కుదురుగా ఇమిడింది. మొదటి ఇటుక ఆవిడే పెట్టింది. రెండోది ఆయన పెట్టి, పిడితో తట్టి, పరీక్ష రాసిన పిల్లాడిలా ఆవిడ వైపు చూశారు. ఆవిడ తొందరపడలేదు. మట్టం చూసింది. ఒక కన్ను మూసి వరస చూసింది. చుట్టూ వీధి, పక్కన కూతురు, ఎదురుగా ఆయన, అందరూ వింటుండగా అంది:

"పర్లేదు."