మేడిగిరి కోశజలం

ఆ సంవత్సరం కార్తీకమాసంలో మేడిగిరి కోట బురుజెక్కి చూసినవారికి పొగ తప్ప మరొకటి కనిపించేది కాదు. ఎగువన, ఏటిగట్టు వెంట క్రోసెడు పొడవున గుడారాలు పరచుకొన్న కొలనువాడ రాజు దండులోనుంచి లేచేది చితుల పొగ. దిగువన, నల్లరాతి కొండను మూడు ప్రాకారాలతో చుట్టుకొని, పన్నెండు బురుజులతో, ఇనుపముళ్ళు దిగగొట్టిన మహాద్వారాలతో ఏ రాజుకూ లొంగనని నిలిచిన మేడిగిరిలోనుంచి లేచేదీ చితుల పొగే. గాలి తిరిగినప్పుడల్లా ఆ రెండు పొగలూ ఏటి మీద కలిసిపోయేవి. ముట్టడి మొదలైన రెండు మాసాలలో కత్తికీ బాణానికీ చచ్చినవారు ఇరువైపులా కలిపి నాలుగువందలు. గత్తర మొదలైన ఇరవై దినాలలో ఒక్క కోటలోనే చచ్చినవారు పన్నెండువందలు.

ఇదంతా శ్రావణంలో వచ్చిన వరదతో ఆరంభమైంది. ఒక్క వారంలో ఆ సీమలోని చెరువుకట్టలన్నీ తెగాయి. చేలు ఇసుకమేటలయ్యాయి. తన సైన్యానికి కూడు పెట్టలేని కొలనువాడ రాజు కన్ను మేడిగిరి ధాన్యపుకొట్ల మీద పడింది. దండనాథుడు భీమరసును పంపి కోటను చుట్టుముట్టించాడు. ఇళ్ళు కొట్టుకుపోయిన పల్లెలవాళ్ళు, అందులోనూ చెరువులు తవ్వి బతికే ఉప్పరివాళ్ళు ఆరువందలమంది, ద్వారాలు మూయకముందే కోటలోకి వచ్చి దిగువపేటలో తలదాచుకొన్నారు.

గత్తర దిగువపేటలోనే పుట్టింది. పొద్దున వాంతి, మధ్యాహ్నానికి కళ్ళు గుంటలు పడటం, పొద్దుగూకేలోపల పాడె. మనుషులకంటె ముందు నమ్మకం చచ్చింది. పొరుగువాడు ఇచ్చిన తమలపాకు ఎవరూ పుచ్చుకోలేదు. ఒక ఇంటి ఇల్లాలు కుండను రెండుసార్లు కడిగిందని, ఏదో కలుపుతోందని పక్కింటివాళ్ళు ఆమెను జుట్టు పట్టి ఈడ్చారు. కావలి బంట్లు ఒకరి వీపు ఒకరికి చూపటం మానుకొన్నారు. అంతలో ఒక మాట బయలుదేరింది: ఉప్పరివాళ్ళు శత్రువు పంపిన వేగులట, దిగువపేట తాగే గౌరమ్మ బావిలో విషం కలిపారట. ఆ మాట మొదట ఎవరి నోట వచ్చిందో ఎవరూ అడగలేదు. ఒక ఉదయం ముగ్గురు ఉప్పరివాళ్ళను బావిగట్టు దగ్గరే రాళ్ళతో కొట్టి చంపారు.

కోట దళవాయి కాటమ నాయకుడు ఆ వార్త విని ఉత్తరపు బురుజునుంచి పరుగున దిగివచ్చాడు. ఏబదియేళ్ళ మనిషి, ముప్పదియేళ్ళుగా మేడిగిరి ఉప్పు తిన్నవాడు. మిగిలిన ఉప్పరివాళ్ళందరినీ గుర్రపులాయంలోకి చేర్చి చుట్టూ తన బంట్లను నిలిపాడు. చచ్చిన ముగ్గురిలో ఒకడికి అక్క అయిన మారక్క అనే ముసలిది ఏడవకుండా ఆయన ఎదుటికి వచ్చి నిలబడింది.

"దొరా, ఒక మాట అడుగుతా. ఉత్తరపు బురుజున నీ బంట్లు ఎందరు?"

"రెండువందలు."

"గత్తరతో ఎందరు పోయారు?"

కాటమ నాయకుడు ఉలికిపడ్డాడు. "ఒక్కడూ పోలేదు."

"వాళ్ళు తాగేది కొండమీది దొన నీళ్ళు. రాతిలో నిలిచిన వాననీళ్ళు. రాణి ఉండే నగరులోనూ అవే తాగుతారు, అక్కడా ఎవరూ పోలేదు. మేం తాగేది గౌరమ్మ బావి. పుట్టినప్పటినుంచి మన్నూ నీళ్ళూ చూసినదాన్ని, చెబుతున్నా విను. ఆ బావి ఊట బావిది కాదు, ఏటిది. ఇసుకలోంచి వచ్చి చేరుతుంది. ఎగువన దండువాళ్ళు కాల్చలేక మిగిలిన పీనుగులను ఎక్కడ పారేస్తున్నారో నీ బురుజు మీంచి కనిపించటం లేదా?"

కనిపిస్తూనే ఉంది. రోజూ చూస్తున్నదే. చూసి, శత్రువు తగ్గుతున్నాడని ఆయన సంతోషించినదే.

ఆ దినమే కాటమ నాయకుడు రాణి వాచమాంబాదేవి దర్శనానికి పోయాడు. దిగువపేటను కావలి కాసిన ఆమె తమ్ముడు గత్తరకు మొదటి వారంలోనే బలి అయినప్పటినుంచి రాణి ఎవరికీ కనిపించటం లేదు. జబ్బు సోకకుండా అన్న మిషతో మంత్రి గుండయామాత్యుడు తప్ప మరొకరు లోపలికి పోకూడదన్న కట్టడి ఏర్పడింది. దళవాయి మూడుసార్లు పోయాడు, మూడుసార్లూ మంత్రి నవ్వుమొగంతో, "విన్నపం నేను మనవి చేస్తాను, నాయకా" అని తిప్పి పంపాడు. నాలుగవ దినాన ఆయన ఇక ఆగలేక, రాణి సెలవు లేకుండానే, ఒక తాళపత్రాన్ని భీమరసు శిబిరానికి పంపాడు. మీ పీనుగులను ఏటిలో వేయవద్దు, పడమటి దిబ్బ మీద దహనం చేసుకోండి, అక్కడ మీ పాడె మోసేవారి మీద మా విలుకాండ్రు బాణం వేయరు, అన్నది అందులోని సారం.

మారుజాబు దళవాయికి చేరలేదు. ప్రాకారంలోని చిన్న ద్వారమైన దిడ్డివాకిట పట్టుబడి మంత్రి చేతికి పోయింది. ఆయన చేతినుంచి రాణి చేతికి.

"కోరిన పని నెరవేరింది. పడమటి వైపు మాట నిలుపుకొనునది." అంతే ఉంది అందులో. కింద భీమరసు ముద్ర.

"పడమట ఉన్నది దిడ్డివాకిలి," అన్నాడు గుండయామాత్యుడు మెల్లగా. "తల్లీ, దళవాయి మీద నింద మోపటానికి నా నోరు రాదు. ఆయన వీపున ఒక్క గాయమైనా లేనివాడు. కాని వేగులని ఊరంతా అంటున్నవారిని లాయంలో దాచినది ఆయన. శత్రువుతో జాబులు నడిపినది ఆయన. ఈ మూడు మాటలూ కలిపి చూడటానికి నాకే భయమవుతున్నది. గౌరమ్మ ఎదుట కోశదివ్యం జరిపించండి. నిర్దోషి అయితే ఆ తల్లే కాపాడుతుంది."

దేవతను అభిషేకించిన నీరు మూడు దోసిళ్ళు త్రాగించటం కోశదివ్యం. పద్నాలుగు దినాలలో ఏ ఆపదా రాకపోతే త్రాగినవాడు నిర్దోషి, వస్తే ద్రోహి. గౌరమ్మకు అభిషేకం ఏ బావి నీటితో జరుగుతుందో మంత్రి చెప్పలేదు. రాణి ఆయన మొగంలోకి చాలాసేపు చూసింది. తమ్ముడు పోయిన నాటినుంచి ఆమె ఎవరినీ పూర్తిగా నమ్మలేదు. ఈ మంత్రినీ నమ్మలేదు. అయినా సరేనన్నది.

మరునాడు సోమవారం. మధ్యాహ్నం ఎర్రటి ఎండలో దిగువపేట గౌరమ్మ గుడిముందు రాణి గద్దె వేయించారు. ఒకవైపు కర్రలూ కొడవళ్ళూ పట్టిన పేటజనం. ఒకవైపు కాటమ నాయకుడి బంట్లు ఎనిమిదివందలమంది, చేతులు కత్తిపిడుల మీద ఉంచి. ఒక కేక చాలు, కోటలో నెత్తురు పారటానికి.

"నాయకా, ఈ జాబు మీకు వచ్చినదేనా?" అని రాణి అడిగింది.

"నాకు వచ్చినదే, దేవీ. నేను వ్రాసినదానికే వచ్చింది." ఆయన ఉన్నదున్నట్లు చెప్పాడు. ఏటిలోని పీనుగులు, ఇసుక ఊట, దొన నీళ్ళు, పడమటి దిబ్బ, అన్నీ చెప్పాడు. "సెలవు లేకుండా శత్రువుకు వ్రాయటం నా తప్పు. అందుకు శిక్ష వేయండి. ద్రోహం మాత్రం చేయలేదు."

జనంలోంచి ఒకడు అరిచాడు: "గౌరమ్మ నీళ్ళను నిందిస్తున్నాడు! వాడితో తాగించండి!" వెంటనే వందల గొంతులు కలిశాయి. అటువైపు కత్తులు సగం ఒరలు దాటాయి. బంట్ల ముఠాదారు ముందుకు వచ్చి, "అయ్యా, సెలవివ్వండి. మిమ్మల్ని ఎవరు ముట్టుకొంటారో చూస్తాం" అన్నాడు.

కాటమ నాయకుడు వెనుదిరిగాడు. "మీరు కత్తి దూస్తే మొదట పడేది ఎవడి తల? రేపు మీకు సద్ది కట్టి ఇచ్చేవాడిది. భీమరసు ఒక్క నిచ్చెన వేయనక్కరలేదు. తలుపులు తీయటానికి మనిషి మిగలక అతనే నడిచివస్తాడు. దూసిన కత్తి ఒరలో పెట్టండి. ఇది నా ఆజ్ఞ."

తరువాత ఆయన చెప్పులు విడిచి గుడిమెట్ల దగ్గర కూర్చున్నాడు. అర్చకుడు అభిషేకజలం పోస్తూ ఉండగా ఒక దోసిలి, రెండు, మూడు. త్రాగుతున్నది ఏమిటో ఆ గుంపులో ఆయనకంటె బాగా తెలిసినవారు ఇద్దరే: లాయం వాకిట కొంగు నోట కుక్కుకొని చూస్తున్న మారక్క, గద్దె పక్కన నిలిచిన గుండయామాత్యుడు.

త్రాగి లేచి ఆయన చేతులు జోడించాడు. "దేవీ, ఒక్క మనవి. నేరం మోపినవారు కూడా తమ మాట నిజమని ఈ తల్లి ఎదుట ఒక్క దోసిలి పుచ్చుకోవాలి. అదే నా కోరిక."

గుండయామాత్యుడు చిరునవ్వు నవ్వాడు. "సంతోషంగా పుచ్చుకొందును. కాని నేడు కార్తీక సోమవారం. నక్షత్రదర్శనం దాకా నీరు ముట్టను."

"ఈ ఉదయం నా ఎదుటనే నీరు త్రాగారు కదా, మంత్రిగారూ," అన్నది రాణి. "నగరు దొన నీరు. వెండి చెంబుతో."

మంత్రి గద్దె పక్కనుంచి ఒక అడుగు వెనక్కి వేశాడు. రాణి గద్దె దిగింది. ఎవరూ ఊహించని విధంగా, అర్చకుడి చేతిలోని పాత్ర తాను అందుకొన్నది.

"మీరు పుచ్చుకోకపోతే పోనీండి. దళవాయిని అనుమానించినది నేనుకూడా. ఆ దోసిలి నేను పుచ్చుకొంటాను."

పాత్ర ఆమె పెదవులదాకా పోయింది.

"వద్దు తల్లీ!"

గుండయామాత్యుడు ఒక్క దూకున వచ్చి ఆమె చెయ్యి కొట్టాడు. పాత్ర మెట్ల మీద పడి దొర్లిపోయింది. తాను చేసినదేమిటో ఆయనకు అప్పుడు తెలిసింది.

"ఎన్నాళ్ళుగా తెలుసు మీకు?" అని రాణి అడిగింది.

"పదిహేను దినాలుగా. ఆస్థానవైద్యుడు చెప్పాడు. ఎవరికీ చెప్పవద్దని నేనే అతని నోరు కట్టాను." ఆయన తల ఎత్తలేదు. "దొనలలోని నీరు నగరుకూ కావలిబంట్లకూ అయితే రెండు మాసాలు వస్తుంది. ఊరంతా తాగితే ఇరవై దినాలు. బావి చెడిందని తెలిస్తే జనం కొండమీదికి ఎగబడతారు. నీరు పోతే కోట పోతుంది. కోటను నిలపాలని దిగువపేటను వదులుకొన్నాను, తల్లీ. చచ్చేవాళ్ళకు కోపగించుకోవటానికి ఎవరో ఒకరు కావాలి. లేకపోతే ఆ కోపం మీ మీదికి వస్తుంది. అందుకని ఉప్పరివాళ్ళను చూపాను."

"మరి నా తమ్ముడు?"

పదిహేను దినాల క్రితం ఆమె తమ్ముడు ఇంకా బతికే ఉన్నాడు.

జనం ఒక్కసారిగా కదిలారు. మొన్న ఉప్పరివాళ్ళ మీద ఎత్తిన రాళ్ళే ఆ చేతులలో ఉన్నాయి. కాటమ నాయకుడు మంత్రికి అడ్డంగా నిలిచి, "చాలు! ముగ్గురిని చంపి ఒక్కరినైనా బతికించుకొన్నారా? కుండలు తెచ్చుకోండి, కొండమీదికి పదండి" అని గర్జించాడు. రాళ్ళు ఒక్కొక్కటే నేల రాలాయి. రాణి ఆజ్ఞతో దొనల తలుపులు తెరిచారు. మనిషికి రెండు ముంతల వంతున పంచే అధికారం మారక్కకు ఇచ్చారు. గౌరమ్మ బావి మీద బండ పరిచారు.

"ఇరవై దినాల తరువాత?" అని రాణి ఆమెనే అడిగింది.

"తూరుపు వాలులో రాతిపొర కింద తీయటి ఊట ఉంది, తల్లీ. వచ్చిన మొదటి వారమే చెప్పాను, ఎవరూ వినలేదు. మావాళ్ళ చేతికి గునపాలిప్పించండి."

మూడవనాటి తెల్లవారుజామున కాటమ నాయకుడికి వాంతి అయింది. దగ్గరికి ఎవరూ రాకూడదని ఆయనే కట్టడి చేశాడు. ఆ కట్టడిని దాటి రాణి వచ్చి మంచం పక్కన నేల మీద కూర్చున్నది. మధ్యాహ్నానికి ఆయన గొంతు గాలిలా అయిపోయింది.

"నన్ను క్షమించు, నాయకా," అన్నది ఆమె.

"అనుమానం రాజులకు తప్పదు, దేవీ. ముప్పదియేళ్ళ సేవకుణ్ణి ఒక్క మాట అడిగి ఉంటే బాగుండేది, అంతే." కొంతసేపటికి మళ్ళీ కళ్ళు తెరిచాడు. "పడమటి దిబ్బ మీద మనవాళ్ళు బాణం వేయలేదు కదా?"

"ఒక్కటీ వేయలేదు. వాళ్ళూ ఏటిలో పీనుగు వేయటం లేదు."

"మంచిది," అన్నాడు ఆయన. అదే ఆఖరి మాట. పొద్దు వాలకముందే పోయాడు. ఆయనతో నీళ్ళు తాగించమని అరిచిన పేటవాళ్ళూ, లాయంలోని ఉప్పరివాళ్ళూ పాడె మోయటానికి పోటీపడ్డారు.

తొమ్మిదవనాడు తూరుపు వాలులో నీరు పడింది. పన్నెండవనాడు భీమరసు గుడారాలు విప్పించాడు. అతని దండులో గుర్రమెక్కగలవాళ్ళు సగంమందైనా మిగలలేదు. రాణి మంత్రిముద్రిక తీసుకొని పీనుగులు మోసేవారిలో కలిపిన గుండయామాత్యుడు దిగువపేటనుంచి మళ్ళీ కొండెక్కి రాలేదు.

పద్నాలుగవనాడు ధర్మాధికారి తాళపత్రం పట్టుకొని రాణి ఎదుట నిలబడ్డాడు. కోశదివ్యపు ఫలితం ఆనాడు వ్రాయాలి. అతని గంటం కదలలేదు.

"శాస్త్రం ప్రకారం, దేవీ, గడువులోపల ఆపద వచ్చినవాడు..." అని ఆగిపోయాడు.

"వ్రాయండి," అన్నది వాచమాంబ. "మేడిగిరిలో కార్తీక సోమవారంనాడు కోశదివ్యం జరిగినది. పరీక్షకు నిలిచినది కాటమ నాయకుడు కాదు, నీరు. మూడవనాడు నీరు ఓడినది."

ధర్మాధికారి వ్రాశాడు. ఆమె తన చేతితోనే ముద్ర వేసింది.