కొడుక్కిచ్చిన ఇంజిన్

శుక్రవారం, నవంబర్ 12. ఉదయం 5.50.

పాల ట్యాంకర్ డ్రైవరుకి ముందు కనిపించింది కుక్క. రోడ్డు పక్కన కదలకుండా కూర్చుని ఉంది. హారన్ కొట్టినా లేవలేదు.

దాని వెనక గడ్డిలో మెర్వ్ హాన్రహన్ పడి ఉన్నాడు. వయసు డెబ్బై రెండు. రెండు కాళ్లూ విరిగాయి. తెరిచి ఉన్న కళ్ల మీద మిడతలు పాకుతున్నాయి.

ఆ వారం ఊరంతా మిడతలే. మంగళవారం మధ్యాహ్నం పడమటి నుంచి దండులా దిగాయి. గోధుమ చేలు, ఆరేసిన బట్టలు, కార్ల రేడియేటర్లు దేన్నీ వదల్లేదు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో గోధుమ పండే ఆ ఊళ్లో శవం కంటే మిడతల గురించే ఎక్కువ మాట్లాడుకున్నారంటే ఆశ్చర్యమేమీ లేదు.

రోడ్డు మీద బ్రేకు గుర్తుల్లేవు. హెడ్‌లైట్ అద్దం ముక్కలున్నాయి.

డాక్టరు రిపోర్టు క్లుప్తంగా ఉంది. దెబ్బ తగిలింది గురువారం సాయంత్రం ఏడున్నరకీ ఎనిమిదికీ మధ్య. ప్రాణం పోయింది అర్ధరాత్రికి కాస్త ముందు.

అంటే నాలుగు గంటలు బతికే ఉన్నాడు. ఎవరైనా ఒక్క ఫోన్ చేసి ఉంటే ఈ కథ ఆసుపత్రిలో ముగిసేది.

ఆదివారం ఉదయం 9.15కి కేసు తనంతట తనే స్టేషన్‌కి నడిచొచ్చింది.

గార్త్ టిండల్ తన కొడుకు బ్రోడీని భుజం పట్టుకుని తీసుకొచ్చాడు. గార్త్ గొర్రెలు తోలే లారీ డ్రైవరు. బ్రోడీకి పదిహేడేళ్లు.

"మావాడే చేశాడు మేడమ్. దాచాలని లేదు నాకు," అన్నాడు గార్త్.

జిల్లా కేంద్రం నుంచి వచ్చిన డిటెక్టివ్ సార్జెంట్ సార్కిస్ కుర్చీ చూపించింది. కుర్రాడు మైనరు కాబట్టి పక్కన పెద్దవాళ్లు ఉండాలని రూలు. తండ్రే కూర్చున్నాడు.

"లైసెన్స్ ఎప్పుడొచ్చింది, బ్రోడీ?"

"ఆగస్టులో."

"కొత్త డ్రైవరువి కాబట్టి బండికి ఎర్ర పీ ప్లేట్లు తగిలించుకుని నడపాలి. అంతేగా?"

"అవును."

"ఎర్ర పీ మీద ఎనిమిది సిలిండర్ల బండి ముట్టుకోకూడదు. మీ నాన్న పికప్ యూట్‌లో ఉన్నది వీ ఎయిట్ ఇంజిన్. ఊరందరికీ ఆ చప్పుడు తెలుసు."

బ్రోడీ తండ్రి వైపు చూశాడు. జవాబు తండ్రే చెప్పాడు.

"అందుకే ఇంజినే మార్చేశాను మేడమ్. అది తీసేసి ఆరు సిలిండర్లది పెట్టా. పరీక్షలవగానే వాడికిద్దామని. ఇదిగో కాగితం."

కాగితం మీద పాత ఇంజిన్ నెంబరు, కొత్త ఇంజిన్ నెంబరు. నెవ్ పర్టెల్ గ్యారేజీ ముద్ర. తేదీ అక్టోబర్ 28.

"గురువారం ఏం జరిగింది?"

"ఆఖరి పరీక్ష అయిపోయింది. ఏటి దగ్గర తాగాం. ఆరింటికి ఫ్రెండ్స్ నన్ను మా ఇంటి దగ్గర దింపేసి వెళ్లారు. షెడ్డులో సోఫా మీద పడుకున్నా. తరవాత గుర్తులేదు."

"ఎక్కడ లేచావు?"

"యూట్‌లో. స్టీరింగ్ ముందు. లైటు పగిలి ఉంది. బండి ముందున్న కమ్మీకి రక్తం."

"మీరెక్కడున్నారు, గార్త్?"

"ఇంట్లో. టీవీ చూస్తున్నా."

"ఎవరైనా చూశారా?"

"టీవీ చూసింది." గార్త్ నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

"మెర్వ్ నీకు తెలుసా, బ్రోడీ?"

కుర్రాడు తల ఊపాడు.

"నాకు డ్రైవింగ్ నేర్పింది ఆయనే. లైసెన్స్‌కి నూట ఇరవై గంటలు పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని నడపాలి కదా. నాన్నకి తీరిక లేదు. మెర్వే కూర్చున్నాడు. లాగ్‌బుక్‌లో ప్రతి లైనులోనూ ఆయన సంతకమే." సార్కిస్ వైపు తిరిగాడు. "ఆయన నాలుగు గంటలు బతికే ఉన్నాడంట కదా?"

గార్త్ కొడుకు వీపు నిమిరాడు. "ఊరుకోరా. నేనున్నాగా."

సార్కిస్ ఆ చేతినే చూస్తూ కూర్చుంది.

మధ్యాహ్నం యూట్ టో ట్రక్ మీద స్టేషన్ పెరట్లోకి వచ్చింది.

"నడుపుకుంటూ తేలేదేం?" అని అడిగింది సార్కిస్.

"స్టార్ట్ కాలేదు మేడమ్. తాళం తిప్పితే టిక్కుమని కూడా అనదు," అన్నాడు కానిస్టేబుల్ ప్రూయిట్.

బ్యాటరీ పోయుంటుందని గార్త్ ఫోన్లో చెప్పాడు.

సార్కిస్ బానెట్ ఎత్తింది. రేడియేటర్ నిండా మిడతలు. బానెట్ లోపలి వైపు మిడతలు. వైర్ల మీద ఎండిపోయిన కాళ్లు, రెక్కలు. ఇంజిన్ మాత్రం పెళ్లికొడుకులా శుభ్రంగా ఉంది.

సోమవారం ఆమె ఊరంతా తిరిగింది. గార్త్ లైసెన్స్ తాగి నడిపినందుకు ఇప్పటికి రెండుసార్లు పోయింది. ఇంకోసారి దొరికితే లారీ పోతుంది. మనిషిని చంపి దొరికితే జైలు. బ్రోడీ ఆ యూట్ నడుపుతుండగా చూసినవాళ్లు ఊళ్లో ఒక్కరూ లేరు.

మంగళవారం, నవంబర్ 16. ఉదయం 10.00. స్టేషన్ పెరడు.

గార్త్, బ్రోడీ, గ్యారేజీ నెవ్. ముగ్గుర్నీ యూట్ చుట్టూ నిలబెట్టింది సార్కిస్.

"గార్త్, ఇంజిన్ ఇంత శుభ్రంగా ఉందేం?"

"శనివారం కడిగా."

"ఇంజిన్‌ని మాత్రమే? చుట్టూ మిడతల్ని ఉంచి?"

"చెయ్యి అందినంత వరకు కడిగా మేడమ్. అది కూడా నేరమేనా?"

"కాదు. ప్రూయిట్, విప్పు."

ప్రూయిట్ యూట్ కిందికి దూరాడు. ఇంజిన్‌ని అప్పటికే గొలుసుతో ఎత్తి పట్టారు. ఎడమవైపు ఇంజిన్ మౌంటింగ్ బోల్టులు వదులు చేశాడు. ఇనప ప్లేటు పక్కకి జరిపాడు. పట్టకారుతో ఏదో తీసి తెల్ల కాగితం మీద పెట్టాడు.

మిడత రెక్క. కాగితం కంటే పల్చగా నలిగిపోయి ఉంది.

"ఇంజిన్ మొత్తం బరువు మోసే ప్లేటు ఇది," అంది సార్కిస్. "బిగించాక దీని కింద దారం కూడా దూరదు. మీరు బిగించింది అక్టోబర్ 28న. మిడతలు దిగింది నవంబర్ 9న. మరి పన్నెండు రోజుల ముందే ఈ మిడత వచ్చి ప్లేటు కింద పడుకుందా?"

నెవ్ మొహం పాలిపోయింది.

"నెవ్, మీ ముద్ర ఎప్పుడు పడింది?"

"శనివారం సాయంత్రం మేడమ్. కుర్రాడికి గిఫ్టు, తేదీ కాస్త వెనక్కి వెయ్యరా అన్నాడు. ఊళ్లోవాడే కదా అని వేశా. మెర్వ్ సంగతి నాకు తెలీదు, దేవుడి మీద ఒట్టు."

గార్త్ తల దించుకున్నాడు. ఎత్తేసరికి కళ్లలో నీళ్లు. ఆ మనిషికి కావలసినప్పుడు నీళ్లు వచ్చేవి.

"సరే. మెర్వ్ పోయాకే మార్చా. వీడి కోసమే మేడమ్. తాగి నడిపాడు, మనిషిని చంపాడు. పైగా పీ మీద వీ ఎయిట్. అది కూడా వీడి నెత్తిన పడకూడదనుకున్నా. తండ్రిని."

"నిజమే మేడమ్," అన్నాడు బ్రోడీ. "నేను నడిపింది వీ ఎయిట్‌నే. నాన్న నన్ను కాపాడాలని చూశాడు. ఆయన్నేం చెయ్యకండి."

ప్రూయిట్ బోల్టులు మళ్లీ బిగించి గొలుసు తీసేశాడు. సార్కిస్ జేబులోంచి తాళం తీసి కుర్రాడి చేతిలో పెట్టింది.

"అయితే స్టార్ట్ చెయ్యి."

గార్త్ ఉలిక్కిపడ్డాడు. "బ్యాటరీ..."

"బ్యాటరీ భేషుగ్గా ఉంది. ఎక్కు, బ్రోడీ."

బ్రోడీ ఎక్కాడు. తాళం తిప్పాడు. ఏమీ లేదు. మళ్లీ తిప్పాడు. న్యూట్రల్ చూసుకున్నాడు, క్లచ్ నొక్కాడు, మళ్లీ తిప్పాడు.

"కొత్త ఇంజిన్ బిగించాక మొదట స్టార్ట్ చేసిందెవరు?"

"నాన్నే. నన్ను టీ తెమ్మన్నాడు. వచ్చేసరికి నడుస్తోంది."

సార్కిస్ కిటికీలోంచి చెయ్యి పెట్టి యాష్ ట్రే పీకింది. దాని వెనక వేలంత నల్ల స్విచ్చి.

"ఇది వెయ్యకుండా ఈ బండి స్టార్ట్ కాదు. నెవ్, దీని కథేంటి?"

"ఆగస్టులో నా దగ్గరే కొన్నాడు. కుర్రాడికి లైసెన్స్ వచ్చిన రోజే. ఇంక మా వెధవ తలకిందులుగా తపస్సు చేసినా స్టార్ట్ చెయ్యలేడు అని నవ్వాడు."

"సరిగ్గానే చెప్పాడు. చెయ్యలేకపోయాడు." సార్కిస్ గార్త్ వైపు తిరిగింది. "వీ ఎయిట్ ఉన్నంత కాలం అది మీ బండి. మీరు తప్ప ఎవరూ నడపరని ఊరంతా సాక్ష్యం చెబుతుంది. అందుకని ఇంజిన్ మార్చి రెండు రోజుల్లో దాన్ని మీవాడి బండి చేశారు. గురువారం తాగొచ్చింది మీరు. గుద్దింది మీరు. ఇంటికొచ్చి, సోఫా మీద ఒళ్లు తెలీకుండా పడున్న కొడుకుని మోసుకొచ్చి స్టీరింగ్ ముందు కూర్చోబెట్టారు."

"ఆ స్విచ్చి నాకు తెలుసు!" బ్రోడీ అరిచాడు. "ఇప్పుడే మర్చిపోయా! నేనే నడిపా!"

"నోర్ముయ్యరా," అన్నాడు గార్త్. కళ్లలో నీళ్లు ఎప్పుడో ఆరిపోయాయి. సార్కిస్‌తో మామూలు గొంతుతో అన్నాడు. "వాడికి పదిహేడు. పిల్లల కోర్టు. ఏడాదో రెండేళ్లో. నాకైతే ఎనిమిదేళ్లు. వాడు కుర్రాడు, తట్టుకుంటాడు."

"నాన్నా, నువ్వు బండి ఆపావా?" అని అడిగాడు బ్రోడీ. "మెర్వ్ ఎలా ఉన్నాడో చూశావా?"

గార్త్ చేతులు ముందుకి చాపాడు. ప్రూయిట్ బేడీలు వేశాడు. కొడుకు వైపు చూడకుండానే లోపలికి నడిచాడు.

10.40. పెరట్లో ఇద్దరే మిగిలారు. బ్రోడీ ఇంకా స్టీరింగ్ ముందే కూర్చున్నాడు.

"శుక్రవారం, శనివారం నాన్నా నేనూ కలిసే ఇంజిన్ మార్చాం మేడమ్," అన్నాడు. "పానా ఎలా పట్టుకోవాలో చూపించాడు. ముందెప్పుడూ బండి దగ్గరికే రానిచ్చేవాడు కాదు. మధ్యలో మెర్వ్ గుర్తొచ్చి ఏడిస్తే దగ్గరికి తీసుకున్నాడు. గుద్దింది తనేనని అప్పుడు కూడా తెలుసా నాన్నకి?"

అబద్ధం చెప్పాలని సార్కిస్‌కి చాలా అనిపించింది.

"తెలుసు."

"నేనలా ఏడుస్తున్నప్పుడు కూడా?"

"అప్పుడు కూడా."

బ్రోడీ తాళం తీసి ఆమె చేతికిచ్చాడు. అద్దంలో వెనక ఎవరూ రావడం లేదని చూసుకుని బండి దిగాడు. తలుపు చప్పుడు కాకుండా వేశాడు. మెర్వ్ నేర్పినట్టే.