బ్రేక్ లేని కేసు

"రేవు గోదాములో బంధించిన మీ తమ్ముణ్ణి ఈ సాయంత్రం ఓడ ఎక్కిస్తారు," అన్నాడు చీఫ్. "మన ఏజెంట్లందరి పేర్లూ వాడి తలలో ఉన్నాయి. వాడు ఓడ ఎక్కకూడదు."

"ప్రాణంతో తేవాలి కదా, సార్?"

చీఫ్ కిటికీ వైపు చూశాడు. ఆ చూపు ఖరీదెంతో త్రాసుకి తెలిసింది. ప్రతిదీ తూచి చూస్తాడని ఆఫీసులో అతనికి ఆ పేరు.

"లోపల నెమలి ఉంది. విదేశీ ముఠాకి తాళాల ప్రోగ్రామ్ రాసింది ఆవిడే. మన మనిషే."

"అని ఎవరన్నారు?"

"ఆవిడే."

సరుక్కి సాక్ష్యం అమ్మేవాడే అన్నమాట.

ఏసీ మెకానిక్ వేషంలో త్రాసు గోదాము బేస్‌మెంట్‌లోకి దిగాడు. నెమలి ఎదురొచ్చింది. ముత్యాల దుద్దులు, ఖరీదైన సెంటు.

"కోడ్‌వర్డ్ 'వాన'. కొట్టు, తలుపు తెరుచుకుంటుంది. త్వరగా!"

గాజు తలుపు వెనక తమ్ముడు. పెదవి చిట్లినా నవ్వాడు. "అన్నయ్యా, ఇప్పుడు కూడా బేరమాడతావా?"

త్రాసు వేళ్లు కీబోర్డు మీద ఆగాయి. మూట విప్పకుండా అతను బియ్యం కూడా కొనడు. చేతి వాచీని ప్యానెల్‌కి ఆనించాడు. ప్రోగ్రామ్ తెర మీదికొచ్చింది.

చిన్న స్విచ్ స్టేట్‌మెంట్. ఏ మాట కొడితే ఆ కేసు. కేసు 'వాన': తలుపు తెరువు. దాని కిందే కేసు 'ఎండ': గదిలోకి విషవాయువు వదులు. రెంటికీ మధ్య 'బ్రేక్' లేదు. బ్రేక్ కనబడితేనే మెషిన్ ఆగుతుంది. లేకపోతే ఎవరూ అడగకపోయినా కింది కేసు పనీ చేసేస్తుంది.

మెట్ల మీద బూట్ల చప్పుడు.

చెమట కళ్లలోకి కారుతుండగా త్రాసు 'బ్రేక్' చేర్చాడు. తర్వాత 'వాన' కొట్టాడు. తలుపు జరిగింది. పైన విషవాయువు గొట్టం బుస కొట్టలేదు. బూట్లు బేస్‌మెంట్‌లో అడుగుపెట్టేసరికి ముగ్గురూ సర్వీస్ లిఫ్ట్‌లో ఉన్నారు.

"నీ రుణం తీర్చుకోలేను, అక్కా," తమ్ముడు నెమలి చెయ్యి పట్టుకున్నాడు.

త్రాసు గొంతు తగ్గించి అడిగాడు. "మర్చిపోయావా, వదిలేశావా?"

నెమలి దుద్దు సర్దుకుంది. "నువ్వు చూశావుగా. ఇక ఆ లెక్కెందుకు?"

చూడకపోయుంటే అటు లాభం. చూశాడు కాబట్టి ఇటు లాభం. ఎటు తూచినా ఆవిడకి నష్టం లేదు. త్రాసు పనిముట్ల సంచిలోంచి బేడీలు తీశాడు.

"ఇంతకీ నెమలి మన మనిషేనా?" ఆ రాత్రి ఆఫీసులో చీఫ్ అడిగాడు.

త్రాసు బేడీల తాళంచెవి బల్ల మీద పెట్టాడు.

"మన పనితోనే మొదలుపెడుతుంది, సార్. ఆపే బ్రేక్ మాత్రం మనమే రాసుకోవాలి."